టెర్మినల్ యాప్‌లో గ్రాఫిక్స్, కీబోర్డు ఇన్‌పుట్: పద్ధతిగా రాయడానికి సమగ్ర మార్గదర్శి

టెర్మినల్‌లో నడిచే యాప్ రాయడం మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. బాణం కీ నొక్కితే స్క్రీన్ మీద ^[[ఏ అని ఎందుకు పడుతోంది? ఎస్కేప్ నొక్కాక ఒక సెకను ఆగి ఎందుకు పనిచేస్తోంది? స్క్రీన్ ఎందుకు మినుకుమినుకుమంటోంది? యాప్ మధ్యలో ఆగిపోతే షెల్‌లో టైప్ చేసింది ఎందుకు కనబడదు?

ఇవన్నీ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒక్కటే. మీ ప్రోగ్రాముకూ టెర్మినల్‌కూ మధ్య ఉన్నవి రెండే దారులు. ఒకదాంట్లో బైట్లు వస్తాయి, ఇంకోదాంట్లో బైట్లు వెళ్తాయి. కీలు, మౌస్ క్లిక్కులు, పేస్ట్ చేసిన టెక్స్ట్, మీరు టెర్మినల్‌ని అడిగిన ప్రశ్నలకు జవాబులు అన్నీ వచ్చేది ఒకే దారిలో. రంగులు, బొమ్మలు, కర్సర్ కదలికలు, ఆ ప్రశ్నలు అన్నీ వెళ్లేది మరో దారిలో. అందుకే గ్రాఫిక్స్‌ను ఒక పనిగా, కీబోర్డును ఇంకో పనిగా విడదీసి రాస్తే ఎక్కడో ఒకచోట చిక్కుముడి పడుతుంది. బైట్లు చదివేది ఒకే చోట, రాసేది ఒకే చోట ఉండాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి.

ఒక చిన్న సూచన. టెర్మినల్‌కు వెళ్లే లేదా దాని నుంచి వచ్చే ప్రత్యేక బైట్ల వరుసను ఎస్కేప్ సీక్వెన్స్ అంటారు. ఈ వ్యాసంలో "ఎస్కేప్" అని సీక్వెన్స్ మొదట్లో రాస్తే అది 27వ నంబరు బైటు. ఇంగ్లిష్ అక్షరాలను పలికినట్టే రాశాను. "పెద్ద" అని ప్రత్యేకంగా చెప్పకపోతే అది చిన్న అక్షరం. చదవడానికి వీలుగా మధ్యలో ఖాళీలు పెట్టాను. పంపేటప్పుడు ఆ ఖాళీలు ఉండవు.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కోడ్ మొదలుపెట్టే ముందు అరగంట కేటాయించి ఈ ఏర్పాట్లు చేసుకోండి.

☐ లాగ్ ఫైలు. స్క్రీన్ మొత్తం మీ యాప్ చేతిలో ఉన్నప్పుడు ప్రింట్ పెట్టి డీబగ్ చేయలేరు. లాగ్ అంతా ఫైలులోకి పంపి, పక్క విండోలో టెయిల్ -ఎఫ్ తో చూడండి.

☐ కనీసం మూడు రకాల టెర్మినళ్లు. ఎక్స్‌టర్మ్, కిట్టీ, మీ డెస్క్‌టాప్‌తో వచ్చినది. వీటితోపాటు టీమక్స్ (ఒకే టెర్మినల్‌ను చాలా విండోలుగా విడదీసే ప్రోగ్రాము) లోపల, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌కు కలిపేది) మీద కూడా నడిపి చూడాలి.

☐ బైట్లు చూసే పద్ధతి. షెల్‌లో క్యాట్ -వీ నడిపి కీలు నొక్కండి. ఏ కీకి ఏం వస్తోందో కళ్లతో చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

☐ టీటీవై పరీక్ష. ఇన్‌పుట్, అవుట్‌పుట్ నిజంగా టెర్మినలేనా అని ఇజ్-ఎ-టీటీవై ఫంక్షన్‌తో చూడండి. అవుట్‌పుట్ పైపులోకి వెళ్తుంటే మామూలు టెక్స్ట్ ఇచ్చి ఊరుకోండి. ఇన్‌పుట్ పైపు నుంచి వస్తూ, కీలు కూడా కావాలంటే /డెవ్/టీటీవై ని విడిగా తెరవండి.

లైబ్రరీ వాడాలా, సొంతంగా రాయాలా? పని త్వరగా కావాలంటే లైబ్రరీయే మేలు. సీ లో ఎన్‌కర్సెస్, రస్ట్‌లో రాటటూయి, క్రాస్‌టర్మ్, గో లో బబుల్ టీ, పైథాన్‌లో టెక్స్చువల్ ఉన్నాయి. కానీ లైబ్రరీ వాడినా లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే మొదటి బగ్ దగ్గరే చిక్కుకుపోతారు.

విండోస్ మీద కూడా నడవాలంటే ఒక్క మాట. విండోస్ 10 నుంచి అక్కడి కన్సోల్ కూడా ఎస్కేప్ సీక్వెన్సులను అర్థం చేసుకుంటుంది. అయితే వర్చువల్ టెర్మినల్ ప్రాసెసింగ్ అనే సెట్టింగును మీ ప్రోగ్రామే ఆన్ చేయాలి.

2. తిరిగి అప్పగించే దారి ముందు, రా మోడ్ తర్వాత

రా మోడ్ అంటే సిస్టమ్ మధ్యలో కల్పించుకోకుండా ప్రతి బైటునూ నేరుగా మీ ప్రోగ్రాముకు ఇచ్చే స్థితి. చాలామంది ముందు రా మోడ్‌లోకి వెళ్లి, బయటికి వచ్చే సంగతి చివర్లో చూసుకుందాం అనుకుంటారు. నేనూ అలాగే చేశాను. దూరంగా ఉన్న సర్వర్ మీద నా యాప్ మధ్యలో క్రాష్ అయింది. షెల్ ఉంది కానీ టైప్ చేసే అక్షరాలు కనబడవు, ఎంటర్ కొట్టినా లైను సరిగ్గా మారదు. అదే సెషన్‌లో అప్పటికే ఒక ముఖ్యమైన పని సగంలో ఉంది. ఆ రోజు పడ్డ టెన్షన్ తర్వాత నేను ముందు రాసేది ఎప్పుడూ బయటికి వచ్చే కోడే.

వరుస ఇది:

1) ఇప్పుడున్న టెర్మినల్ సెట్టింగులను టీసీ-గెట్-అట్ర్ తో చదివి దాచుకోండి.

2) వాటిని తిరిగి పెట్టే ఫంక్షన్ రాయండి. రెండుసార్లు పిలిచినా నష్టం లేకుండా ఉండాలి.

3) ఆ ఫంక్షన్‌ను అన్ని దారులకూ కట్టండి: మామూలు ముగింపు, ప్యానిక్ లేదా ఎక్సెప్షన్, ఇంకా ప్రోగ్రామును ఆపమని వచ్చే సిగ్నళ్లు సిగ్‌టర్మ్, సిగ్‌హప్, సిగ్‌ఇంట్.

4) అప్పుడు రా మోడ్.

5) ఆల్టర్నేట్ స్క్రీన్ (షెల్ టెక్స్ట్‌ను ముట్టుకోకుండా యాప్‌కు ఇచ్చే విడి స్క్రీన్): ఎస్కేప్ [ ? 1049 హెచ్. కర్సర్ దాచడం: ఎస్కేప్ [ ? 25 ఎల్. పేస్ట్ గుర్తింపు: ఎస్కేప్ [ ? 2004 హెచ్.

బయటికి వచ్చేటప్పుడు ఇదే వరుసను వెనక నుంచి ముందుకు నడపండి. హెచ్ తో ఆన్ చేసిన ప్రతిదాన్నీ ఎల్ తో ఆఫ్ చేయాలి. కర్సర్ విషయంలో మాత్రం ఇది తిరగబడుతుంది: దాచడానికి ఎల్, చూపడానికి హెచ్.

రా మోడ్ అంటే ఒక్క స్విచ్ కాదు, చాలా ఫ్లాగుల కలయిక. ఐకానన్ తీసేస్తే ఎంటర్ కోసం ఆగకుండా ప్రతి బైటూ వెంటనే వస్తుంది. ఎకో తీసేస్తే టైప్ చేసింది దానంతట అది స్క్రీన్ మీద పడదు. ఐసిగ్ తీసేస్తే కంట్రోల్-సీ సిగ్నల్‌గా కాకుండా 3వ నంబరు బైటుగా వస్తుంది. ఐఎక్స్‌ఆన్ తీసేస్తే కంట్రోల్-ఎస్ నొక్కినా అవుట్‌పుట్ బిగుసుకుపోదు. ఐసీఆర్‌ఎన్‌ఎల్ తీసేస్తే ఎంటర్ 10 గా మారకుండా 13 గానే వస్తుంది.

ఓపోస్ట్ తీసేసినప్పుడు ఒక మార్పు అందరినీ తికమక పెడుతుంది. అప్పటిదాకా న్యూలైన్ పంపితే కర్సర్ కింది లైను మొదటికి వెళ్లేది. ఇప్పుడు తిన్నగా కిందికి మాత్రమే దిగుతుంది. టెక్స్ట్ మెట్లు దిగుతున్నట్టు పక్కకి జరుగుతూ పడుతుంటే కారణం ఇదే. 13, 10 రెండు బైట్లూ పంపండి. అంతకన్నా మంచిది, ప్రతి లైనుకూ కర్సర్ స్థానాన్ని మీరే చెప్పండి.

కంట్రోల్-జెడ్ పనిచేయాలంటే ఆ పనీ మీదే. 26వ బైటు రాగానే టెర్మినల్‌ను పాత స్థితిలో పెట్టి, ప్రోగ్రామును తాత్కాలికంగా ఆపే సిగ్‌టీఎస్‌టీపీ సిగ్నల్‌ని మీకు మీరే పంపుకోండి. మళ్లీ నడపమనే సిగ్‌కాంట్ వచ్చాక మళ్లీ రా మోడ్‌లోకి వెళ్లి స్క్రీన్ మొత్తం కొత్తగా గీయండి.

ఎర్రర్ మెసేజ్ విషయంలోనూ వరుస ముఖ్యం. ఆల్టర్నేట్ స్క్రీన్‌లో ఉండగా ప్రింట్ చేసింది, బయటికి రాగానే మాయమవుతుంది. ముందు టెర్మినల్‌ను సరిచేసి, తర్వాతే మెసేజ్ ప్రింట్ చేయండి.

ప్రోగ్రామును బలవంతంగా చంపే సిగ్‌కిల్‌ను మాత్రం ఎవరూ పట్టుకోలేరు. అప్పుడు స్క్రీన్ పాడైతే ఎస్‌టీటీవై సేన్ లేదా రీసెట్ కమాండ్ ఇవ్వాలని మీ యాప్ సహాయ పేజీలో రాసిపెట్టండి. అక్షరాలు కనబడకపోయినా కమాండ్ టైప్ చేయవచ్చని చాలామందికి తెలియదు. ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్-జే నొక్కాలని కూడా చెప్పండి.

3. కీబోర్డు: బైట్ల నుంచి కీల దాకా

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. పై బాణం నొక్కితే మీకు "పై బాణం" అనే సంకేతం రాదు. 27, 91, 65 అనే మూడు బైట్లు వస్తాయి. కంట్రోల్ పట్టుకుని పై బాణం నొక్కితే 27, 91, 49, 59, 53, 65. అంటే ఎస్కేప్ [ 1 ; 5 పెద్ద-ఏ. ఇందులో 5 అనేది మోడిఫయర్. లెక్క సులువు: 1 కి షిఫ్ట్ అయితే 1, ఆల్ట్ అయితే 2, కంట్రోల్ అయితే 4 కలపండి. కంట్రోల్, షిఫ్ట్ రెండూ ఉంటే 6.

అదే పై బాణం కొన్నిసార్లు 27, 79, 65 గా కూడా వస్తుంది. అది అప్లికేషన్ కర్సర్ మోడ్. రెండింటినీ ఒకే కీగా చూడండి. పేజ్-అప్ 27, 91, 53, 126. ఎఫ్1 ఎక్కువగా 27, 79, 80. ఆల్ట్-ఎక్స్ అంటే ముందు 27, వెంటనే 120.

కొన్ని కీలను పాత పద్ధతిలో వేరు చేయడం అసాధ్యం. కంట్రోల్ అంటే పెద్ద అక్షరం నంబరు నుంచి 64 తీసేయడమే. ఐ నంబరు 73, తీసేస్తే 9, అది ట్యాబ్. ఎం 77, తీసేస్తే 13, అది ఎంటర్. [ గుర్తు 91, తీసేస్తే 27, అది ఎస్కేప్. కాబట్టి కంట్రోల్-ఐ కి ఒక పని, ట్యాబ్‌కి ఇంకో పని పెడితే చాలా టెర్మినళ్లలో రెండూ ఒకటే అవుతాయి. బ్యాక్‌స్పేస్ ఒకచోట 127, ఇంకోచోట 8. రెండింటినీ బ్యాక్‌స్పేస్‌గానే తీసుకోవడం మంచిది.

3.1 పార్సర్ రాసే పద్ధతి

వచ్చిన బైట్లను పట్టికలో వెతికే కోడ్ మొదట్లో బాగానే ఉంటుంది. తెలియని కీ ఒకటి వచ్చిన రోజు అది కూలిపోతుంది. పార్సర్ అంటే బైట్లను చదివి కీలుగా మార్చే కోడ్. దాన్ని స్టేట్ మెషీన్‌గా, అంటే ఇప్పుడు ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకుని ఒక్కో బైటునూ చూసేలా రాయండి. ఐదు స్థితులు చాలు:

• మామూలు స్థితి
• 27 వచ్చాక
• సీఎస్‌ఐ లోపల, అంటే 27, 91 తర్వాత
• ఎస్‌ఎస్3 లోపల, అంటే 27, 79 తర్వాత
• పొడవైన జవాబుల లోపల (ఓఎస్‌సీ, డీసీఎస్, ఏపీసీ). ఇవి ఎస్కేప్ \ వచ్చేదాకా సాగుతాయి. ఓఎస్‌సీ మాత్రం 7వ నంబరు బైటుతో కూడా ముగియవచ్చు

సీఎస్‌ఐ లోపల వ్యాకరణం ఖచ్చితంగా ఉంటుంది. 48 నుంచి 63 దాకా పారామితులు, 32 నుంచి 47 దాకా మధ్య బైట్లు, 64 నుంచి 126 దాకా ఏ బైటు వచ్చినా అది ముగింపు. దీనివల్ల గొప్ప సౌకర్యం ఉంది: మీకు అర్థం కాని సీక్వెన్స్ వచ్చినా ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. దాన్ని చివరిదాకా మింగి వదిలేయండి. ఇలా చేయని యాప్‌లోనే తెలియని కీ నొక్కగానే ఎడిటర్‌లో [27;5;9~ లాంటి చెత్త టైప్ అవుతుంది.

ఒక్క రీడ్‌లో ఒక్క కీ వస్తుందని ఎప్పుడూ అనుకోకండి. సగం సీక్వెన్స్ రావచ్చు, మూడు కీలు కలిసి రావచ్చు. తెలుగు అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది. "అ" అంటే యూటీఎఫ్-8 లో 224, 176, 133 అనే మూడు బైట్లు. మొదటి రెండు ఒక రీడ్‌లో, మూడోది తర్వాతి రీడ్‌లో వచ్చినా అక్షరం చెడకూడదు. పార్సర్ స్థితి రీడ్‌కీ రీడ్‌కీ మధ్య నిలిచి ఉంటే ఈ సమస్య రాదు.

3.2 ఎస్కేప్ కీ ఆలస్యం

27 వచ్చింది. అది ఎస్కేప్ కీనా, బాణం కీకి మొదటి బైటా? ఆ క్షణంలో చెప్పలేం. కొద్దిసేపు ఆగి, ఇంకేమీ రాకపోతే ఎస్కేప్ అనుకోవాలి. ఎంతసేపు అన్నదే ప్రశ్న.

ఎన్‌కర్సెస్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ ఒక్క సెకను ఆలస్యం అక్కడి నుంచే వస్తోంది. సెట్-ఎస్క్‌డిలే తో 25 కి తగ్గించండి. సొంతంగా రాస్తే 25 నుంచి 50 మధ్య పెట్టి, వాడేవాళ్లు మార్చుకునేలా సెట్టింగ్ ఇవ్వండి. తగ్గించినా ఆలస్యం పోకపోతే టీమక్స్ వైపు చూడండి. దానికి ఎస్కేప్-టైమ్ అని సొంత గడువు ఉంది.

3.3 కొత్త కీబోర్డు ప్రొటోకాల్

పైన చెప్పిన అయోమయాలన్నిటికీ కిట్టీ కీబోర్డు ప్రొటోకాల్ చక్కటి పరిష్కారం. కిట్టీతో మొదలై ఇప్పుడు చాలా టెర్మినళ్లలో ఉంది. ఎస్కేప్ [ ? యూ అని అడగండి, జవాబు వస్తే సదుపాయం ఉన్నట్టే. ఎస్కేప్ [ > 1 యూ తో ఆన్, ఎస్కేప్ [ < యూ తో ఆఫ్.

ఆన్ చేశాక ఎస్కేప్ కీ ఎస్కేప్ [ 27 యూ గా వస్తుంది, ఇక గడువుతో పని లేదు. కంట్రోల్-ఐ ఎస్కేప్ [ 105 ; 5 యూ గా వస్తుంది, ట్యాబ్ 9 గానే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ఆన్ చేయగానే కంట్రోల్-సీ కూడా 3 గా రావడం మానేసి ఎస్కేప్ [ 99 ; 5 యూ గా వస్తుంది. పాత బైటు కోసమే చూస్తుంటే మీ యాప్‌ను ఆపడం ఎవరి తరమూ కాదు. రెండోది, మామూలు స్క్రీన్‌కీ ఆల్టర్నేట్ స్క్రీన్‌కీ ఈ సెట్టింగ్ వేర్వేరుగా ఉంటుంది. ఆల్టర్నేట్ స్క్రీన్‌లోకి వెళ్లాక ఆన్ చేయండి, బయటికి రాకముందే ఆఫ్ చేయండి.

3.4 పేస్ట్, మౌస్

పేస్ట్ గుర్తింపు ఆన్‌లో ఉంటే పేస్ట్ చేసిన టెక్స్ట్ ఎస్కేప్ [ 200 ~ తో మొదలై ఎస్కేప్ [ 201 ~ తో ముగుస్తుంది. ఆ రెండింటి మధ్య వచ్చిన దేన్నీ కమాండుగా తీసుకోకండి. ఒక్క అక్షరం కీలతో నడిచే యాప్‌లో ఇది లేకపోతే ఎవరో పొరపాటున పేస్ట్ చేసిన పేరాలోని "డీ" అక్షరం ఫైళ్లను డిలీట్ చేస్తుంది.

మౌస్‌కి 1002, 1006 నంబర్ల మోడ్‌లు రెండూ (ఎస్కేప్ [ ? నంబరు హెచ్ పద్ధతిలోనే) ఆన్ చేయండి. 1006 లేని పాత పద్ధతిలో 223వ కాలమ్ దాటితే స్థానం చెప్పలేరు. మౌస్ ఆన్ చేస్తే టెక్స్ట్ సెలెక్ట్ చేసుకోవడం ఆగిపోతుంది. షిఫ్ట్ పట్టుకుంటే చాలా టెర్మినళ్లలో పనిచేస్తుంది కానీ అది అందరికీ తెలియదు. కాబట్టి మౌస్‌ను ఆపే కీ ఒకటి ఇవ్వండి.

4. స్క్రీన్ మీద గీయడం

స్క్రీన్ అంటే గడుల పట్టిక. ప్రతి గడిలో ఒక అక్షరం, దాని రంగు, వెనక రంగు, బోల్డ్ లాంటి గుణాలు. మెమరీలో ఇలాంటి పట్టికలు రెండు ఉంచండి: ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది, రావలసినది. మీ కోడ్ అంతా రెండో పట్టికలోకే రాయాలి. చివర్లో రెండింటినీ పోల్చి, మారిన గడులకు మాత్రమే బైట్లు పంపాలి.

ఇంత అవసరమా అనిపిస్తే ఈ లెక్క చూడండి. 200 కాలమ్‌లు, 50 వరుసలు ఉంటే 10,000 గడులు. పూర్తి రంగు చెప్పడానికి 19 బైట్ల దాకా పడతాయి, వెనక రంగుకు ఇంకో 19, అక్షరానికి 3. గడికి 41 చొప్పున ఒక్క ఫ్రేముకు 4,10,000 బైట్లు. సెకనుకు 30 ఫ్రేములు పంపితే కోటీ 23 లక్షల బైట్లు. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఇది నడవదు. మారిన గడులే పంపితే, ముందు గడి రంగే ఉన్నప్పుడు రంగు మళ్లీ చెప్పకపోతే, మామూలు యాప్‌లో ఇది కొన్ని వందల బైట్లకు దిగుతుంది.

గీసే వరుస:

1) ఫ్రేముకు కావలసినదంతా ఒకే బఫర్‌లో పోగు చేయండి.

2) మొదట్లో ఎస్కేప్ [ ? 2026 హెచ్, చివర్లో ఎస్కేప్ [ ? 2026 ఎల్ పెట్టండి. ఈ రెండింటి మధ్య వచ్చింది ఒక్కసారిగా చూపించమని అర్థం. ఈ సదుపాయం లేని టెర్మినళ్లు పట్టించుకోకుండా వదిలేస్తాయి.

3) మొత్తాన్ని ఒకే రైట్‌తో పంపండి. రైట్ సగమే వెళ్లి తిరిగివస్తే మిగతాది కూడా పంపేలా లూప్ ఉండాలి.

ప్రతి ఫ్రేముకూ స్క్రీన్ తుడిచేసే అలవాటు ఉంటే మానేయండి. మినుకుమినుకుమనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదే. తుడిచిన క్షణానికీ గీసిన క్షణానికీ మధ్య ఖాళీ స్క్రీన్ కంటికి తెలుస్తుంది.

చివరి కాలమ్ దగ్గర జాగ్రత్త. అక్కడ అక్షరం రాయగానే కర్సర్ కింది లైనుకు వెళ్లదు, తర్వాతి అక్షరం వచ్చినప్పుడు వెళ్తుంది. కుడి కింది మూలలో రాస్తే స్క్రీన్ మొత్తం ఒక లైను పైకి జరిగిపోయే ప్రమాదమూ ఉంది. ఎస్కేప్ [ ? 7 ఎల్ తో ఆటో-ర్యాప్ ఆపేసి, ప్రతి వరుసకూ స్థానం మీరే చెబితే రెండు బెడదలూ ఉండవు.

విండో సైజు మారితే సిగ్‌విన్చ్ వస్తుంది. హ్యాండ్లర్ లోపల గీయకండి, మెమరీ కేటాయించకండి. ఒక పైపులోకి ఒక్క బైటు రాసి వచ్చేయండి, మిగతా పని మెయిన్ లూప్ చూసుకుంటుంది. విండోని లాగుతుంటే ఇవి డజన్ల కొద్దీ వస్తాయి కాబట్టి అన్నిటినీ కలిపి ఒక్కసారే గీయండి.

బయటి నుంచి వచ్చిన టెక్స్ట్‌ను ఉన్నదున్నట్టు స్క్రీన్ మీదికి పంపకండి. ఫైలు పేరులో కూడా 27వ బైటు ఉండవచ్చు. అది టెర్మినల్‌కు ఆజ్ఞ అవుతుంది. 32 కంటే తక్కువ కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే నంబర్లు), 127, ఇంకా 128 నుంచి 159 దాకా ఉన్నవాటిని వేరే గుర్తుతో మార్చి చూపండి.

5. అక్షరం వెడల్పు: మన లిపికి తప్పని చిక్కు

"స్త్రీ" అనే మాటనే తీసుకోండి. చూడటానికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం: మొత్తం ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు. ఒక గుర్తుకు ఎన్ని గడులో చెప్పే డబ్ల్యూసీ-విడ్త్ ఫంక్షన్ పద్ధతిలో ఒక్కో కోడ్‌పాయింట్ వెడల్పు కూడితే 3 గడులు, ఎందుకంటే పొల్లు, దీర్ఘం సున్నా లెక్కలోకి వస్తాయి. గ్రాఫీమ్ లెక్కన, అంటే చదివేవాళ్లకు ఒక్క అక్షరంగా కనిపించేదాన్ని ఒకటిగా లెక్కిస్తే, ఇది ఒక్క ముక్క. ఏ టెర్మినల్ ఎన్ని గడులిస్తుందో దాని ఇష్టం. మీరు 3 అనుకుని అది 2 ఇస్తే, ఆ వరుసలో తర్వాతిదంతా పక్కకి జరిగిపోతుంది, పట్టిక గీతలు వంకర పోతాయి.

దీనికి అందరిచోటా పనిచేసే ఒక్క సూత్రం లేదు. నాకు బాగా పనికొచ్చినవి ఇవి:

• ఊహించకండి, కొలవండి. మొదటి కాలమ్‌లో మాట రాసి ఎస్కేప్ [ 6 ఎన్ పంపండి. జవాబు ఎస్కేప్ [ వరుస ; కాలమ్ పెద్ద-ఆర్ గా వస్తుంది. కాలమ్‌లోంచి 1 తీసేస్తే అదే వెడల్పు. ఈ కొలతను మొదటి వరుసలో చేయకండి. షిఫ్ట్-ఎఫ్3 కూడా ఎస్కేప్ [ 1 ; 2 పెద్ద-ఆర్ గానే వస్తుంది, రెండూ కలగలిసిపోతాయి.

• తెలుగు టెక్స్ట్ తర్వాత వచ్చే గడికి కర్సర్ స్థానం మళ్లీ చెప్పండి. అప్పుడు తేడా వచ్చినా ఆ మాట వరకే ఆగుతుంది, వరుసంతా పాడవదు.

• పట్టికలో తెలుగు కాలమ్‌ను వీలైతే చివర పెట్టండి.

• బ్యాక్‌స్పేస్ కొడితే ఏం తుడవాలో ముందే తేల్చుకోండి. "స్త్రీ" మొత్తం పోవాలా, దీర్ఘం ఒక్కటే పోవాలా? మన లిపిలో టైప్ చేసేవాళ్లకు చివరి గుర్తు ఒక్కటే పోవడం హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. కర్సర్ బాణాలతో కదిలేటప్పుడు మాత్రం మొత్తం ముక్కను దాటాలి.

చైనీస్ అక్షరాలు, చాలా ఎమోజీలు రెండు గడులు తీసుకుంటాయి. వాటిలో ఒక సగం మీద వేరే అక్షరం రాస్తే రెండో సగాన్ని ఖాళీగా మార్చడం మర్చిపోకండి.

6. బొమ్మలు చూపడం

కింది మెట్టు నుంచి పైకి వెళ్లండి. కింది మెట్టు లేకుండా పై మెట్టు కట్టకూడదు, ఎందుకంటే పైవి అన్ని టెర్మినళ్లలో ఉండవు.

6.1 సగం గడి. ▀ గుర్తు గడిలో పై సగాన్ని నింపుతుంది. పై సగానికి అక్షరం రంగు, కింది సగానికి వెనక రంగు ఇస్తే ఒక గడిలో రెండు పిక్సెళ్లు వస్తాయి. గడి సాధారణంగా వెడల్పుకు రెట్టింపు ఎత్తు ఉంటుంది కాబట్టి పిక్సెల్ దాదాపు చతురస్రమే. 80×24 స్క్రీన్‌లో 80×48 పిక్సెళ్ల బొమ్మ. రంగులుండే టెర్మినల్ దేంట్లోనైనా నడుస్తుంది.

6.2 బ్రెయిలీ చుక్కలు. గ్రాఫులకు ఇది బాగుంటుంది. ఒక గడిలో 2×4 చుక్కలు, అంటే 80×24 లో 160×96. కోడ్‌పాయింట్ లెక్క: 10240 కి వెలిగే చుక్కల విలువలు కలపాలి. ఎడమ వరుసలో పై నుంచి 1, 2, 4, 64. కుడి వరుసలో 8, 16, 32, 128. కింది రెండు చుక్కల విలువలు వరుస తప్పడం పొరపాటు కాదు, బ్రెయిలీ మొదట ఆరు చుక్కలదే. గడికి ఒక్కటే రంగు కాబట్టి ఫొటోలకు ఇది పనికిరాదు.

6.3 సిక్సెల్. 1980లలో డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) కంపెనీ టెర్మినళ్లతో వచ్చిన పద్ధతి. ఒక్కో అక్షరం నిలువుగా ఆరు పిక్సెళ్లను చెబుతుంది: 63 కి ఆరు బిట్ల విలువ కలిపితే ఆ అక్షరం నంబరు. ఎస్కేప్ [ సీ అని అడిగితే వచ్చే జవాబులో 4 ఉంటే సిక్సెల్ ఉన్నట్టు.

6.4 కిట్టీ గ్రాఫిక్స్ ప్రొటోకాల్. కొత్తగా రాసేవాళ్లకు నా సలహా ఇదే. బొమ్మను ఒక్కసారి పంపి, నంబరు ఇచ్చి, ఎన్ని చోట్లయినా చూపవచ్చు. డేటాను బేస్64 లో 4096 బైట్లకు మించని ముక్కలుగా పంపాలి. చివరిది తప్ప అన్ని ముక్కలకూ ఎం=1, చివరిదానికి ఎం=0. బొమ్మ మీద టెక్స్ట్ రాసినంత మాత్రాన అది పోదు, నంబరు చెప్పి తీసేయాలి.

సిక్సెల్ వాడితే, బొమ్మ ఉన్న గడులను మీ పట్టికలో "ముట్టుకోవద్దు" అని గుర్తు పెట్టండి. లేకపోతే పోల్చి గీసే కోడ్ వాటి మీద ఖాళీలు రాసి బొమ్మను చెరిపేస్తుంది. గడి పిక్సెల్ సైజు కోసం ఎస్కేప్ [ 16 టీ పంపితే ఎస్కేప్ [ 6 ; ఎత్తు ; వెడల్పు టీ అని జవాబు వస్తుంది. ఎత్తు ముందు వస్తుందని గుర్తుంచుకోండి.

రంగుల సంగతి క్లుప్తంగా. కలర్‌టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ ట్రూకలర్ లేదా 24బిట్ అయితే పూర్తి రంగులు వాడండి. లేకపోతే 256 రంగులు: మొదటి 16, తర్వాత 216 రంగుల ఘనం, చివర 24 బూడిద ఛాయలు. నో-కలర్ అనే వేరియబుల్ పెట్టి ఉంటే రంగులు వద్దు. స్క్రీన్ నల్లగానే ఉంటుందని అనుకోకండి, తెల్ల స్క్రీన్ మీద లేత పసుపు అక్షరాలు ఎవరూ చదవలేరు.

7. అన్నిటినీ ఒక్క లూప్‌లో కలపడం

1) పోల్ (చాలా దారుల్లో ఏది వస్తుందా అని ఒకేసారి ఎదురుచూసే సిస్టమ్ కాల్) మీద ఆగండి: ఇన్‌పుట్, సిగ్నల్ పైపు, టైమర్.

2) వచ్చిన బైట్లన్నీ చదివి పార్సర్‌కు ఇవ్వండి. కీ, మౌస్, పేస్ట్, సైజు, జవాబు అని ఈవెంట్లు బయటికి వస్తాయి.

3) ఈవెంట్లన్నీ వరుసగా అమలు చేయండి. ప్రతి కీకీ ఒకసారి గీయకండి. బాణం కీ నొక్కి పట్టుకుంటే యాప్ వెనకబడిపోయి, వదిలాక కూడా కదులుతూనే ఉండటానికి కారణం అదే.

4) ఏదైనా మారితేనే, ఒక్కసారి గీయండి.

టెర్మినల్‌ని ప్రశ్నలు అడిగేటప్పుడు ఒక మంచి కిటుకు ఉంది. కిట్టీ గ్రాఫిక్స్ ఉందా, కీబోర్డు ప్రొటోకాల్ ఉందా అని వరుసగా అడిగి, చివర్లో ఎస్కేప్ [ సీ పంపండి. దీనికి దాదాపు ప్రతి టెర్మినలూ జవాబిస్తుంది. జవాబులు అడిగిన వరుసలోనే వస్తాయి కాబట్టి, ఇది వచ్చేలోగా రానివి ఇక లేనట్టే. అయినా ఒక గడువు పెట్టుకోండి. ఎదురుచూసేటప్పుడు మధ్యలో వచ్చిన కీలను పారేయకండి. యాప్ తెరుచుకోకముందే టైప్ చేసేవాళ్లు చాలామంది ఉంటారు.

8. లక్షణాన్ని బట్టి మందు

బాణం కీలు అక్షరాలుగా పడుతున్నాయి: రా మోడ్‌లో లేరు, లేదా పార్సర్ తెలియని సీక్వెన్సును సగంలో వదిలేస్తోంది.

బాణం కీ నొక్కితే ఎస్కేప్ పని జరుగుతోంది: గడువు మరీ తక్కువ, లేదా రీడ్ ముగియగానే సీక్వెన్స్ ముగిసిందని అనుకుంటున్నారు.

మొదలవగానే ఎడిటర్‌లో వింత అంకెలు: మీరు అడిగిన ప్రశ్నకు జవాబును పార్సర్ గుర్తించలేదు.

యాప్ మూశాక షెల్‌లో వింత అంకెలు: జవాబు రాకముందే మూసేశారు, లేదా మౌస్ ఆఫ్ చేయలేదు.

టీమక్స్‌లో బొమ్మలు రావడం లేదు: పాస్‌త్రూకి, అంటే సీక్వెన్సులను మార్చకుండా బయటి టెర్మినల్‌కు పంపడానికి, అనుమతి లేదు. సగం గడి పద్ధతికి దిగండి.

సైజు మార్చాక పాత ముక్కలు మిగిలాయి: పాత పట్టికను చెల్లదని గుర్తించలేదు. సైజు మారినప్పుడు మాత్రం మొత్తం తుడిచి గీయడం సరైనదే.

9. విడుదల చేసే ముందు నడిపి చూడవలసినవి

☐ ఐదు సెకన్లపాటు కీబోర్డు మీద అడ్డదిడ్డంగా నొక్కండి, ఎఫ్ కీలతో సహా. చెత్త అక్షరం ఒక్కటీ పడకూడదు.

☐ వంద లైన్ల టెక్స్ట్ పేస్ట్ చేయండి.

☐ విండోని ఒక్క వరుస, పది కాలమ్‌ల దాకా కుదించండి. క్రాష్ కాకూడదు.

☐ కంట్రోల్-జెడ్, తర్వాత షెల్‌లో ఎఫ్‌జీ కమాండ్ (ఆగిన యాప్‌ను మళ్లీ ముందుకు తెచ్చేది). స్క్రీన్ పూర్తిగా తిరిగి రావాలి.

☐ కావాలని ఒక ప్యానిక్ పెట్టండి. ఎర్రర్ కనబడాలి, షెల్ బాగుండాలి, కర్సర్ కనబడాలి.

☐ అవుట్‌పుట్‌ను ఫైలులోకి పంపండి. అందులో 27వ బైటు ఒక్కటీ ఉండకూడదు.

☐ ఎస్‌ఎస్‌హెచ్ మీద, టీమక్స్ లోపల ఇవన్నీ మళ్లీ ఒకసారి.

☐ వేరే విండో నుంచి సిగ్‌టర్మ్ పంపి, మీ షెల్‌లో ఒక మాట టైప్ చేయండి. అక్షరాలు కనబడితే రెండో అధ్యాయం సరిగ్గా రాసినట్టే.